శని కనబడలేదన్న పెద్దమనిషి

ఆయన నా టెలిస్కోపులో కన్ను పెట్టి చూశాడు. చూసి, "ఏం కనబడ్తలేదు, ఉత్త గొట్టం" అన్నాడు. అది అబద్ధం. ఆ ఒక్క అబద్ధంతో మేం ముగ్గురం దొంగలమయ్యాం.

తొంభైల చివరి మాట. అప్పుడు నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసేవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగింది; మిగతాది సంగారెడ్డి గ్రంథాలయం బెంచీ మీద నాకు నేనే చెప్పుకున్నాను. టెలిస్కోపు అద్దాన్ని బీరంగూడలో కిరాయి ఇంటి వెనక, డ్రమ్ము మీద గాజు బిళ్ల పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ, ఇంకో గాజుతో రుద్ది అరగదీశాను. ఒక చలికాలం మొదలుపెడితే మరుసటి చలికాలానికి నునుపు తేలింది. "గంతసేపు గిన్నెలు తోమితె పున్నెమన్న వస్తుండె" అనేది మా ఇంటామె.

ఇంటి దగ్గర చుక్కలు ఎక్కడివి? ఒకవైపు కంపెనీల లైట్లు, ఇంకోవైపు పొగ. అందుకని కార్తీక అమావాస్యకు, నాతో షిఫ్టు చేసే ఇద్దరిని వెంటబెట్టుకుని సంగారెడ్డి దాటి ఒక ఊరి గుట్ట ఎక్కాను. చీకటికి అలవాటుపడ్డ కన్ను చెదరకూడదని టార్చికి ఎర్ర కాగితం కట్టుకున్నాం. గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. అమావాస్య, గుట్ట, ఎర్ర వెలుగు, గుసగుసలు. కింద ఊళ్లోవాళ్లు గుప్తనిధులు తవ్వేవాళ్లమనుకున్నారు. అంతకు ముందే ఎవరో అక్కడి గుడి నందిని పెకిలించి పోయారట. కారణం ఉంది, కాదనను. కారణం ఉన్నంత మాత్రాన నింద నిజమవుతుందా?

కట్టెలు పట్టుకుని వచ్చారు. అందరికంటే ముందు ఆ పెద్దమనిషి, ఊరంతా పటేలు అని పిలిచే ఆయన.

"ఎవల్రా మీరు? పార ఏడ దాసిన్రు?"

"పార లేదు గీర లేదు పటేలా. సుక్కలు సూస్తున్నం."

"మీ ఇంటి మీద లేవా సుక్కలు?" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు.

కళ్లతో చూస్తే నమ్ముతారనుకున్నాను. ఎంత మొండివాడైనా నోరు తెరిచే దృశ్యం ఆకాశంలో ఒకటుంది. గొట్టాన్ని అటు తిప్పాను. "జెర వంగి సూడుండ్రి. గది శని. సుట్టు ఉంగరమున్నది." శని అనగానే వెనకున్నవాళ్లు ఇంకా వెనక్కి జరిగారు. నాకు అప్పుడది పట్టలేదు. పటేలు వంగాడు. చాలాసేపు లేవలేదు. మొదటిసారి చూసినవాడు ఊపిరి బిగబడతాడు, అది వీపులో తెలుస్తుంది. ఆయన వీపులో తెలిసింది. లేచి, నా మొహం చూడకుండా ఆ మాట అన్నాడు.

ఇక ఎవరాగుతారు? గొట్టంలో ఏదో దాచామని గుంజారు. అద్దం బండ మీద పడి ముక్కలైంది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద తెల్లారేదాకా కూర్చోబెట్టి, మా సూపర్‌వైజరు వచ్చి చెప్పాక వదిలారు. వదిలారే గాని, తప్పయిందని ఒక్కరూ అనలేదు.

అద్దం మళ్లీ చేసుకోవచ్చు, చేసుకున్నాను కూడా. మాట సంగతి అలా కాదు. సంగారెడ్డి అంగట్లో ఆయన కనిపించినప్పుడల్లా ఎదురు వెళ్లి అడిగేవాణ్ణి: "పటేలా, గా రాత్రి కనబడ్డదా లేదా?" ఆయన టమాటల బేరంలో పడిపోయేవాడు. ఏళ్లు గడిచాయి. నేను క్షమాపణ అడగలేదు. కనబడ్డదన్న ఒక్క మాట అడిగాను. నా అద్దం అబద్ధం చూపలేదని దాన్ని చూసిన మనిషి నోటితో వినాలి, అంతే.

చివరికి ఒకనాడు పటాన్‌చెరు బస్టాండులో, బెంచీ మీద మేమిద్దరమే ఉన్నప్పుడు మళ్లీ అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, కండువాతో మొహం తుడుచుకుని అన్నాడు:

"కనబడ్డది తమ్మీ. సక్కగ, ఉంగరంతోని కనబడ్డది. కని తెల్లారితె నా పొలంల బోరు ఏస్తుండ్రి. శని మొకం సూసినోని బోరుల నీళ్లెట్ల పడ్తయని ఊరోళ్లు అనకపోదురా? నువ్వన్న ఇంకో సుక్కను సూపెడ్తె ఏం పోతుండె?"