తలుపు పక్క మగ్గం

మా మేనత్త పోయింది. బెజ్జంకి అంగట్లో చీరలు పరిచి బేరం మొదలుపెట్టానో లేదో, సిద్దిపేట నుంచి మనిషి వచ్చి చెప్పాడు. మూట కట్టుకుని నేను చేరేసరికి వాకిలి నిండా జనం. ఏడుపుల మధ్య ఎవరో అంటున్నారు: "మంచి మనిషే గని, మనుషులను గూడ బట్ట లెక్క కొలిచేది."

పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. అవును, కొలిచేది. అయితే ఏంటట? అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భర్త పోయాక నేత కార్ఖానాలో ఆయన వాటా చూసుకోవడానికి అత్తే వచ్చి కూర్చుంది. ఆడది మగ్గాల మధ్యకు వస్తే ఇంటి పరువు పోతుందన్నారు. ఆమె మర్నాడు ఇంకా పెందలాడే వచ్చింది. సాయంత్రం మూరకర్ర పట్టుకుని మగ్గం మగ్గానికీ తిరిగి ఎవరెంత నేశారో కొలిచేది. ఫలానావాడు సోమరి అని ఎవరైనా అంటే, "చూసినవా, అనుకున్నవా?" అని అడిగేది. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా మళ్ళీ పోయి చూసి వచ్చేవారు.

యుద్ధం రోజుల్లో నూలు దొరకడమే గగనమైంది. దొరికిన కాస్త నూలును చేతకానివాడికి ఇవ్వడమెందుకని ఆమె బావగారు, అంటే మా పెద్దమామ, పట్టుబట్టాడు. కార్ఖానాలో మిగతా వాటా ఆయనదే. తలుపు పక్క మగ్గం నేసే కోహెడ తాతను తీసేసి తన మనిషిని పెట్టాలని ఆయన ఎత్తు. తాతకు ఆ మగ్గం తప్ప దిక్కు లేదు, ఇంట్లో భార్య మంచం పట్టి ఉంది. మామ ఈసారి అత్త కర్రతోనే అత్తను కొట్టినట్టు అడిగాడు.

"కొలువుమంటివి గద, కొలిచిన. అందరికన్న తక్కువ నేసేది గీ ముసలాయననే. ఇప్పుడేమంటవ్?"

అత్త తలుపు వైపు చూసింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"మనిషిని కొలిచిన్రు బావా. ఆయన కూసున్న జాగను కొలిచిన్రా?"

తర్వాత నా మీద పడింది. నేను లోపలి చల్లటి మూలలో నేసేవాణ్ణి. నా అంత వేగం ఊళ్ళో ఎవరికీ లేదని నాకు నేనే బిరుదిచ్చుకుని తిరిగేవాణ్ణి.

"అల్లుడా, నువ్వు పోయి తలుపు కాడ కూసో. తాత నీ జాగల నేస్తడు. చెరొక చీర దిగేదాక చూద్దాం."

వడగాలికి పడుగు ఎండిపోయి పోగులు పటపటా తెగేవి. నాకు అతుకులు వేయడంతోనే సరిపోయింది. తాత నా మూలలో నిదానంగానే, కానీ ఆగకుండా నేశాడు. నా చీర ఇంకా మగ్గం మీదే ఉండగా ఆయనది దిగిపోయింది.

"నీ బిరుదు గాలికి కొట్టుకపోయిందా?" అని నవ్వి, అత్త మామ వైపు తిరిగింది. "మీ మనిషిని పిలువుండ్రి బావా. గా తలుపు కాడనే కూసోబెడుదాం."

ఆ మనిషి రాలేదు. అత్త ఆ తలుపుకు గోనెపట్ట కట్టించి, పోగులు ఎండిపోకుండా ఏటా ఎండాకాలమంతా తానే నీళ్ళు చల్లి తడిపేది. మగ్గం గుంట తన కాళ్ళకు తగ్గట్టు తవ్వుకున్నది కాబట్టి తాత మళ్ళీ అక్కడికే చేరాడు.

కొలిచేవాళ్ళకు జాలి ఉండదనే వాళ్ళతో నేను బతికున్నన్నాళ్ళూ కొట్లాడతాను. ఉత్త జాలే అయితే తాత ఆ కార్ఖానాలో ఒక నెల ఉండేవాడు. అత్త కొలిచింది కాబట్టి ఇన్నేళ్ళు ఉన్నాడు.

దినాలు అయిపోయి మగ్గాలు మళ్ళీ ఆడిన మొదటి సాయంత్రమే మామ మూరకర్రతో వచ్చాడు. "ఇగ ఆమె లేదు. ముసలాయన ఎంత తక్కువ నేసిండో సూడు. పంపించేద్దాం."

తాత అడ్డపోగు తోసే నాడె చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. మళ్ళీ ఎండలు ముదిరే రోజులే.

"మామా, జర గా గోనెపట్ట ముట్టి చూడుండ్రి" అన్నాను.

ఆయన ముట్టలేదు. నేనే ముట్టుకున్నాను. అప్పడంలా ఎండి ఉంది. అత్త పోయినప్పటి నుంచి దాన్ని తడిపినవాళ్ళు లేరు. బావికి పోయి బకెట్ నిండా తెచ్చి, పై నుంచి కింది దాకా కుమ్మరించాను.

"రేపటి నుంచి కొలువుండ్రి. మీతోని నేను గూడ కొలుస్త."

మామ కర్రతో అక్కడే నిలబడ్డాడు. గోనెపట్ట నుంచి గడప మీదికి నీళ్ళు కారుతున్నాయి. లోపల తాత నాడె ఆడటం మొదలైంది.