మావ నెత్తళ్ళ డబ్బా

ఆదివారం పూట డబ్బా కట్టుకుని రైళ్ళు చూడటానికి వెళ్తున్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. కొత్తవలస దాటాక కిరండూల్ లైను విడిపోయి కొండల వైపు తిరుగుతుంది. అక్కడ పట్టాలకి బాగా ఎడంగా ఒక జీడితోట గట్టు ఉంది. కొండల మీంచి ఇనుపరాయి మోసుకుని దిగే గూడ్సు బళ్ళని చూడటానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ముందు ఇంజిన్లు, వెనక ఎర్రదుమ్ము పట్టిన పెట్టెలు. బండి మలుపు తిరుగుతుంటే గట్టు మీద కూర్చున్న మాకు కింద నేల సన్నగా అదురుతుంది. చూసి ఏం చేస్తారని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. చూస్తాం, అంతే.

మేం ముగ్గురం. నేను విజయనగరంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. రెండో ఆయన బొబ్బిలి నుంచి వచ్చే సంగీతం మేష్టారు. ఇంజిన్ కూత వేయగానే అది ఏ శ్రుతిలో ఉందో చెప్పకపోతే ఆయనకి తోచదు. మూడో ఆయన ఆ పక్క ఊరి రైతు. చోళ్ళు, నువ్వులు, కాస్త వరి పండిస్తాడు. పరిచయమైన రోజునే నన్ను "కోడలా" అనేశాడు కాబట్టి ఆయన నాకు మావ. వినీ వినీ మేష్టారూ మావా అనే పిలుస్తాడు. తను చెయ్యి ఊపితే డ్రైవర్లు తన కోసమే కూత వేస్తారని మావ నమ్మకం. అది లెవెల్ క్రాసింగ్ కోసం వేసే కూత అని నోటిదాకా వచ్చినా నేను ఎప్పుడూ అనలేదు.

గట్టు మీద ఒక్కటే కట్టుబాటు. ఎవరి డబ్బా వాళ్ళు తినకూడదు. ఆ నియమం పెట్టింది మావే. "నీ వంట నువ్వు రోజూ తింటన్నావు కదే, ఆదోరమైనా ఇంకోల సేతి కూడు తిను" అన్నాడు. మేష్టారు చేపా మాంసం ముట్టడు కాబట్టి నా డబ్బా ఆయనకి. ఆయన భార్య చేసిన పులిహోర, పనసపొట్టు కూర మావకి. మావ డబ్బా నాకు. అందులో ఎప్పుడూ ఒకటే కూర, నెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు వేసిన వంకాయ. నెత్తళ్ళు సముద్రం ఒడ్డున భావనపాడులో ఉన్న చుట్టాలు పంపుతారు. ఆ కూర దగ్గరికి మావ తన భార్యని కూడా రానివ్వడు. తనే వండి, అరచేతిలో పులుసు వేసుకుని నాకి, ఉప్పు చూసి దింపుతాడు. అంత బాగా వండే మగవాణ్ణి నేను చూడలేదు.

మొన్న వేసవిలో మావకి గుండె దగ్గర పట్టేసినట్టయింది. డాక్టరు బీపీ బాగా ఎక్కువుందన్నాడు. ఉప్పు తగ్గించాలి, పచ్చళ్ళూ ఎండుచేపలూ పూర్తిగా మానాలి అన్నాడు. కోలుకున్నాక మావ ఫోన్ చేశాడు.

"నాను రాను కోడలా. మా ఇంటిది సప్పిడి కూడు కడతాది. అది నీకెలగ పెడతాను? మీ డబ్బాలు నాను ముట్టకూడదు. ఒక్కణ్ణీ ఎడంగా కూకుని తినడానికి అంత దూరం ఎందుకు?"

నేనూ మేష్టారూ ఆలోచించాం. లెక్కల దాన్ని కదా, నాకు వెంటనే దారి దొరికింది. ముగ్గురం చప్పిడే తింటే ఎవరికీ తేడా ఉండదు. మావని బతిమాలి రప్పించాం. ఆ ఆదివారం మా రెండిళ్ళలోనూ ఉప్పు లేకుండా వండాం. నా డబ్బాలోని గుమ్మడికాయ పులుసు మేష్టారు నీళ్ళతో మింగుతుంటే మావ ఆయన మొహం చూశాడు. చెయ్యి చాచి ఆ పులుసు వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"జబ్బొచ్చింది నాకు. పత్తెం మీరు సేస్తన్నారేటి?" అన్నాడు. "ఇంట్లో మనవలకి కూడా సప్పిడే పెడతన్నారు, నా ముందు ఉప్పు తినకూడదని. కంచం ముందు కూకుంటే అందరూ నా మొకమే సూస్తారు. ఇక్కడైనా మీరు కమ్మగా తింటంటే సూద్దారని వచ్చినాను."

తినడం ఆపి లేచి వెళ్ళిపోయాడు. అప్పుడే కొండ వైపు నుంచి బండి వస్తోంది. మావ వెనక్కి తిరిగి చూడలేదు. మేష్టారు కూడా శ్రుతి సంగతి ఎత్తలేదు.

తర్వాత ఆదివారాలు మావ రాలేదు. ఫోన్ చేస్తే చేలో పని అనేవాడు. మేమిద్దరం గట్టు మీద కూర్చుని డబ్బాలు మార్చుకుని తినేవాళ్ళం. ఆ మనిషి లేకపోతే అవి వట్టి గూడ్సు బళ్ళు. ఇక ఎప్పటికీ రాడేమోనని నాకు భయం పట్టుకుంది. నాకు భయం వేస్తే కోపం కూడా వస్తుంది. ఆ కోపంతోనే బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను.

మావ అరుగు మీద నువ్వులు చెరుగుతున్నాడు. ఆయన భార్య నన్ను గుమ్మం లోపలికి లాగి మెల్లగా చెప్పింది. "బండి కూత ఇనపడితే సాలు, సేతిలో పని వదిలేసి ఈది సివరిదాకా ఎల్లి నిలబడతన్నాడమ్మా."

బయటికి వచ్చి మావ ఎదురుగా నిలబడ్డాను.

"నా డబ్బా ఏది మావా?"

"ఏ డబ్బా?"

"నెత్తళ్ళ డబ్బా. జబ్బు నీకొచ్చింది, నాకు రాలేదు. నా కూర ఎందుకు ఆపేసినావు?"

మావ చేట పక్కన పెట్టాడు. "ఉప్పు సూడకుండా ఎలగ వండేది? నాలిక మీద ఏసుకోకూడదన్నారు కదే."

"సూడకుండా వండు. సూడ్డానికి నానున్నాను."

ఆయన మళ్ళీ చేట అందుకున్నాడు. నేను మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ ఆదివారం మేం వెళ్ళేసరికి మావ గట్టు మీద ఉన్నాడు. కొత్త తువ్వాలు, ఒళ్ళో డబ్బా. ఏమీ జరగనట్టే డబ్బాలు మారాయి. మేష్టారి భార్య మావకని విడిగా, ఉప్పు లేకుండా, నిమ్మకాయ పిండిన కూర కట్టింది. మేష్టారికి నా డబ్బా, ఉప్పూ కారం అన్నీ ఉన్నది. నాకు నెత్తళ్ళ వంకాయ. కొండ మలుపులో బండి కనిపించింది. మావ అటు చూడలేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు.

ముద్ద పెట్టుకున్నాను. చేతికి అందినంత ఉప్పు వేసినట్టున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పు సరిపోనాదా?" అన్నాడు చిన్న గొంతుతో.

బాగుందని చెప్పమన్నట్టు మేష్టారు నాకు కళ్ళతో సైగ చేశాడు.

"ఎక్కువైపోనాది మావా. నోట పెట్టలేకపోతన్నాను."

మావ ఒక్క క్షణం నన్నే చూశాడు. తర్వాత, జబ్బు చేసిన దగ్గర్నుంచి నేను ఎప్పుడూ విననంత గట్టిగా నవ్వాడు.

"అలగా? ఉండు, వచ్చే ఆదోరం తగ్గిస్తాను" అన్నాడు.