జంగయ్య సార్ వేలికి రబ్బరు ఉంగరం

"మీ సార్ మనల్ని ఇడిసిపెట్టి పోయిండు బిడ్డా" అని సార్ భార్య ఆండాళమ్మగారు ఫోనులో అన్నప్పుడు నేను ఉప్పల్ మెట్రో మెట్ల మీద ఉన్నాను. అంతకు రెండ్రోజుల ముందే కదా, నాచారంలో వారింటి వరండాలో కూర్చోబెట్టి నా భుజం ఎట్లా ఉందని వాకబు చేశారు! ఉదయం చాయ్ తాగుతూనే ఒరిగిపోయారట. మృత్యువుకు ఇంత తొందరేమిటో!

రైల్వేలో ఇంజినీరుగా పదవీ విరమణ చేసి, శేషజీవితాన్ని క్లే షూటింగ్‌కు, అంటే గాలిలోకి ఎగిరే మట్టి పళ్లేలను తుపాకితో పగలగొట్టే క్రీడకు అంకితం చేసిన ధన్యజీవి మా జంగయ్య సార్. శిష్యవాత్సల్యంలో సాక్షాత్తు తండ్రి. నోరు మాత్రం, చెప్పొద్దూ, పచ్చిమిరపకాయ!

స్కూటీ మీంచి పడి నా కుడిభుజం ఎముక విరిగినప్పుడు, తుపాకి మాట మరచిపొమ్మన్నారు డాక్టరు. రాష్ట్ర జట్టులో చోటు కోసమే బతుకుతున్నదాన్ని, ఏడుస్తూ సార్ దగ్గరకు వెళ్లాను. "ఏడుస్తే బొక్క అతుకుతదా? తుపాకి మారుద్దాం పా" అన్నారు. నా డబుల్ బారెల్‌ను పక్కనపెట్టి సెమీ ఆటోమేటిక్ చేతికిచ్చారు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. ఖాళీ తొడుగు బయటపడి, ఒక్కో పళ్లేనికి పేల్చనిచ్చే రెండు తూటాల్లో రెండోది దానంతటదే ఎక్కుతుంది. ఆ పనిలో భుజానికి తగిలే దెబ్బ మెత్తబడుతుంది. వెనక చెక్కకూ తుపాకికీ మధ్య పలచని బిళ్లలు మార్చి మార్చి నా ఒంటికి సరిపోయేలా అమర్చారు. "అంగీకి కొలతలు ఇస్తవ్ గదా, గిదిగూడ గట్లనే. చెంప ఆనిస్తే కన్ను గొట్టం మీదికే పోవాలె, ఎతుక్కోవద్దు" అనేవారు.

రేంజిలో తక్కినవారు మా తుపాకి టకటకా ఆడుతుందని దాన్ని కుట్టుమిషను అని వెక్కిరించేవారు. డబుల్ బారెల్‌ను మధ్యకు మడిచి తెరిస్తే ఖాళీగా ఉందని అందరికీ కనబడుతుంది, దీనికి ఆ సౌలభ్యం లేదు. అందుకే సార్ తూటా గది తెరిచి, చిటికెనవేలు పెట్టి తడిమి చూశాకే ఎవరి చేతికైనా ఇచ్చేవారు.

తుపాకి శుభ్రం చేయడం వారికి నిత్యపూజ. కిరోసిన్‌కు ఆండాళమ్మగారి గిన్నె కావాలి, ఆవిడ శాపనార్థాలు నైవేద్యం! వాయువు బయటికి పోకుండా ఆపే చిన్న రబ్బరు రింగును పోగొట్టుకోకూడదని వేలికి తొడుక్కునేవారు. "ఇది మర్సిపోయిన్రో, రెండో తూటా ఎక్కదు" అని మాకు వందసార్లు చెప్పేవారు.

రాష్ట్ర జట్టు ఎంపికలనాడు, నా వంతుకు ముందు పరీక్షకు పేలిస్తే రెండో తూటా ఎక్కలేదు. సార్ తన చేతివంక చూసుకున్నారు. రింగు వేలికే ఉంది! ముఖం నల్లబడింది. అప్పటికే నా పేరు పిలిచేశారు, విప్పి బిగించే వ్యవధి లేదు.

"ఫికర్ చెయ్యకు. ఒక్కటే ఉన్నదనుకో. రెండోది ఉందన్న ధీమాతోటే మస్తుమంది మొదటిది ఆగం జేస్తరు" అన్నారు. పళ్లెం పళ్లేనికీ చేత్తో ఒక్కొక్క తూటా ఎక్కించుకుంటూ కొట్టాను. జట్టులో చివరిపేరు నాది! సంబరంగా వెతికితే, సార్ కారు వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. "నీ నోటికాడి బువ్వ గుంజుకుందునే బిడ్డా" అన్నారు. అంతటి మనిషి కంటతడి చూడటం అదే మొదలు.

జాతీయ పోటీలు దగ్గర పడుతుండగా ఈ పిడుగు. సార్ లేకుండా నేను పోనన్నాను. "పోకుంటే మా గడప తొక్కకు" అన్నారు ఆండాళమ్మగారు, ఆ దుఃఖంలోనూ.

నిన్న రేంజికి వెళ్లాను. గురువుగారు ఎప్పుడూ నా వెనకే నిలబడి, గురి తప్పగానే "కిందికి పోయింది", "ఎనుక పడ్డది" అని ఠక్కున చెప్పేవారు. తూటాలోంచి గాలిలోకి చిమ్మే ఛర్రాలు, ఆ సన్నని సీసపు గుళ్లు, వారికెట్లా కనబడేవో ఆ భగవంతునికే తెలియాలి. నిన్న మొదటి పళ్లెమే తప్పింది. చెక్కుచెదరకుండా వెళ్లి గడ్డిలో పడింది. అలవాటుగా వెనక్కి తిరిగాను.

సార్, ఎటు పోయింది?