గుమ్మం అక్క

యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా వెలగబెట్టాను. రూల్సు నా అంత క్షుణ్ణంగా తెలిసినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం దుమ్ము దులిపింది మా అటెండరు.

ఆవిడ కొండల మనిషి, ఆదివాసీ. ఆదివాసీ పిల్లలెవరైనా వసారాలో కనిపిస్తే చాలు, చేతిలో ఫైళ్ళు నా బల్ల మీద పడేసి గుమ్మం దగ్గరికి పరుగు. "రా తల్లీ, లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. పిల్లలు గుమ్మం అక్క అనేవారు. నేను పనిదొంగ అనేవాణ్ణి, అదీ మొహం మీదే.

ఒక ఏడాది కూతురి కాన్పని ఆవిడ సెలవు పెట్టింది. సర్టిఫికెట్లు చూపించడానికి మూడు రోజులు గడువు. ఆదివాసీ సీట్లు వచ్చినవాళ్ళలో ఒక్క అమ్మాయి మాత్రం ఇంకా చూపించలేదు. చివరి రోజు ఐదు కొట్టగానే ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో 'రాలేదు' అని రాసి పెన్ను మూశాను. తెల్లారితే ఆ సీటు ఇంకొకరిది.

అప్పుడే గుమ్మం అక్క ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది, మనవడు పుట్టాడని చెప్పడానికి. ఆ మాట చెప్పనే లేదు.

"సార్, బయట ఆ అమ్మాయి ఎప్పట్నుంచి నిలబడింది?"

"మూడు రోజుల్నుంచి చూస్తున్నా. ఎవరి కోసమో అనుకున్నా."

"మీ కోసమే సార్! మా కొండల్లో లోపలివాళ్ళు రమ్మనకుండా ఎవరి గడపా తొక్కం. తొక్కితే దొంగతనానికి వచ్చినట్టే."

"లోపలికి రమ్మని నోటీసు అంటించాంగా!"

"నోటీసు పిలుస్తుందా సార్? మనిషి పిలవాలి."

నేనింకా రూల్సు వల్లించబోయాను. ఆవిడ బీరువా మీద నుంచి ఇరవై ఆరేళ్ళ కిందటి రిజిస్టరు దింపి, వెతుక్కోకుండానే ఒక పేజీ తెరిచింది. ఆవిడ పేరు. పక్కన ఎర్ర సిరాతో 'రాలేదు'. ఆ గుండ్రటి అక్షరాలు నావే.

నాకు తల కొట్టేసినట్టయింది. "నువ్వు కూడా..."

"అదే వసారాలో మూడు రోజులు సార్. సీటు పోయాక ఇక్కడే అటెండరుగా చేరాను."

"ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"మీతో తగువేసుకుంటే నన్ను ఇంకో ఆఫీసుకు పంపేస్తారు. ఈ పిల్లల్ని ఎవరు పిలుస్తారు సార్?"

నేనే లేచి వెళ్ళాను. ఆ అమ్మాయి గడపకు బెత్తెడు దూరంలో, సర్టిఫికెట్ల సంచి గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. "లోపలికి రామ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తప్పు నాదేనని రిజిస్ట్రారుకు రాసిచ్చి, చీవాట్లు తిని, ఆమె సీటు నిలబెట్టాను.

ఆ అమ్మాయి పట్టా పుచ్చుకున్న రోజు చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. గుమ్మం అక్క పిలిచి కూర్చోబెట్టిన పిల్లలు మూడు వందల పైచిలుకు. అలాంటి మనిషి పక్కన పనిచేశానని ఎక్కడైనా ఛాతీ విరుచుకుని చెప్తాను.

నేను రిటైరైన రోజు ఆ పాత రిజిస్టరు మళ్ళీ దింపాను. ఆవిడ పేరు పక్కన నా రాత కొట్టేసి, 'వచ్చింది. నేను పిలవలేదు' అని రాసి సంతకం పెట్టాను. పాత రికార్డు దిద్దడం నేరమట. పెట్టుకోమనండి కేసు.