రూతమ్మ ప్రార్థన మనవి

గిలకలదిండి రేవులో రూతమ్మ వల బాగుచేస్తుంటే పక్కన కూర్చోడానికి జనం జంకుతారు. ఉన్నట్టుండి చెయ్యి ఆపి, వలల గుట్ట వైపు తిరిగి, "లేరా, అన్నం చల్లారిపోతోంది" అంటుంది. అక్కడెవరూ ఉండరు. పిచ్చి కాదండీ. కొడుకు బాబీ ఆ గుట్ట మీదే పడుకుని దగ్గేవాడు. ఆ దగ్గు ఆవిడకి ఇప్పటికీ వినబడుతుంది.

మొగుడు పోయాక వలలు కుట్టి వాణ్ణి పెంచింది. బోటు మీద వేటకి వెళ్ళే కుర్రాడు గంజాయి మరిగాడు. ఏం చెయ్యాలో తోచక, ఒక బుధవారం చర్చి వాళ్ళ ఇంటి కూటంలో లేచి, కొడుకు కోసం ప్రార్థన చెయ్యమని మనవి చెప్పుకుంది. కష్టమొస్తే సంఘంలో ఎవరైనా చేసే పనే కదా అది! దేవుడు విన్నాడో లేదో గానీ, సంఘపెద్ద సాల్మన్ రాజు గారు విన్నారు. "స్టేషన్లో ఒక మాట చెప్తానమ్మా. రెండు దెబ్బలు పడితే దారికొస్తాడు" అన్నారు. ఆయన మంచికే అన్నారు. ఆవిడ తలూపింది. ఆ తలూపడమే ఇప్పుడు ఆవిడని నిద్రపోనివ్వదు.

బెదిరించి వదిలేస్తారనుకుంది, వెర్రి తల్లి. జేబులో పొట్లం దొరికింది, కేసు రాశారు. జైలు నుంచి వచ్చిన బాబీ తల్లి మొహం చూడలేదు. బోటు వాళ్ళు పనిలోకి రానివ్వలేదు. "చెప్పింది నువ్వేనంటగా అమ్మా" అని ఒక్కసారి అడిగాడు. ఆ సాయంత్రం గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. తలుపు పగలగొట్టి శవాన్ని దించాల్సి వచ్చింది.

పోస్టుమార్టానికి తీసుకెళ్తే పెద్దాసుపత్రిలో డాక్టరు, "ఈ అలవాటుకి వైద్యం చేసే వార్డు ఇక్కడే ఉందమ్మా, ఒక్కసారైనా తీసుకురాలేకపోయావా?" అన్నాడట. ఎలా తెస్తుంది? గంజాయి ముట్టుకుంటే జైలేనని ఊళ్ళో గోడలన్నిటి మీదా రాశారు గానీ, వార్డు ఉందని ఏ గోడ మీదైనా రాశారా? వింటేనే ఒళ్ళు మండుతుంది.

మొన్న బుధవారం కూటంలో శాంతి లేచింది. హంసలదీవి నుంచి తమ్ముడితో వచ్చి ఇక్కడ ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న పిల్ల.

"మా తమ్ముడి గురించి ఒక మనవండీ. వాడు ఈమధ్య..."

సాల్మన్ రాజు గారు కళ్ళు తెరిచారు.

రూతమ్మ చివాల్న లేచింది. "ముందు మా బాబీ కోసం ప్రార్థన చెయ్యండి!"

"పోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యకూడదు గదమ్మా" అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"అయితే బతికున్నవాణ్ణి నాకొదిలెయ్యండి" అంటూ శాంతి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"రేపు పొద్దున్నే వాణ్ణి తీసుకుని ఆసుపత్రికి వెళ్దాం. నేనూ వస్తాను. డాక్టరుకి అంతా చెప్పు. ఇక్కడ మాత్రం నోరు విప్పకు."

"పోలీసులకి చెప్తే భయపడి గంజాయి మానేస్తాడేమో పిన్నీ" అంది శాంతి.

"మావాడు మానేశాడమ్మా" అంది రూతమ్మ. "అన్నీ మానేశాడు."