మా పేటలో బైబిలు అమ్మగారి చోటు

మంగళవారం తెల్లవారుతుండగా మా పేట బైబిలు అమ్మగారు కన్నుమూశారు. ఆ కబురు విన్నది మొదలు నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. ఒడ్డుకు పోతాను, వెనక్కి వస్తాను, ఎందుకు పోయానో గుర్తుండదు.

అమ్మగారి భౌతికకాయాన్ని రాజమండ్రి తీసుకుపోయి అక్కడ సమాధి చేస్తానని ఆవిడ మేనల్లుడు బండి తెచ్చాడు. పేట ఒప్పుకోలేదు. ఆ గొడవ చెప్పేముందు ఆవిడ వచ్చిన తీరు చెప్పాలి.

మిషన్ వారు ఊళ్ళకు పంపే బైబిలు స్త్రీగా ఉప్పాడ పక్కనున్న మా పేటకు వచ్చేనాటికి ఆవిడకు ఇరవై ఏళ్ళు నిండలేదు. మర్నాడే ఒడ్డుకు వచ్చి, పడవలు నెడుతున్నవాళ్ళను "ఎక్కడికి వెళ్తున్నారండీ?" అని ఆప్యాయంగా పలకరించారు. అంతే, పడవలన్నీ ఇసుక మీదే ఆగిపోయాయి. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే ఆ రోజుకు వేట లేనట్టే.

"ఎంత పని చేశావే తల్లీ!" అంది మా అమ్మ. "ఇయ్యాల పొయ్యి మీదకి నీ పుస్తకం పెట్టమంటావా?"

ఇంకొకరైతే మూఢనమ్మకమని ప్రసంగం అందుకునేవారు. ఆవిడ ఇంటింటికీ వెళ్ళి తప్పయిందన్నారు. ఆ తర్వాత చివరి పడవ అల దాటేదాకా నోరు విప్పేవారు కాదు.

మతం పుచ్చుకున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ చేపలమ్మే ఆడవాళ్ళకు బస్సు బోర్డులు చదవడం వచ్చింది. మగాళ్ళు ఆవిణ్ణి చూడగానే సీసా లుంగీలో దాచడం నేర్చారు. నేనూ నేర్చాను, అది వేరే కథ. ఆవిడ కూర్చోగా మాత్రం ఎవరమూ చూడలేదు. కుర్చీ వేస్తే దాన్ని పట్టుకుని నిలబడే మాట్లాడేవారు.

"మీకు బుద్ధి చెప్పమని నన్ను పంపారండి. బుద్ధి ఎవరికి కావాలో పంపినవాళ్ళు సరిగ్గా చూసుకోలేదు" అని నవ్వేవారు.

సరే, గొడవ.

"సముద్రం ఏటా ఒడ్డు కోసేస్తోంది కదండీ. ఇక్కడ పెడితే అత్తయ్య సమాధి ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు మేనల్లుడు.

గంగమ్మ జాతరలో ముందు నడిచే మా అక్క ఊరుకుంటుందా? "మా ఇల్లు రెండుసార్లు పట్టుకుపోయింది బాబూ. మేం పోయామా?"

"ఆవిడ మా మనిషండి."

"కాదన్నామా? పెళ్ళిళ్ళకి మీ మనిషి. మిగతా రోజులన్నీ మా మనిషే."

అతను బండి తలుపు మూశాడు. డ్రైవర్ని వెళ్ళిపొమ్మన్నాడు.

సరుగుడు తోట పక్కన తవ్వాం. ఇసుకలో గొయ్యి నిలవదు, తడపకపోతే అంచులు జారిపోతాయి. అక్క బిందె ఎత్తింది. వెనకే గుడికెళ్ళేవాళ్ళూ చర్చికెళ్ళేవాళ్ళూ చేతిపంపు దగ్గర్నుంచి వరస కట్టారు. పెట్టె దించాం. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. ఇసుక కప్పేశాం. ఇక నీళ్ళతో పని లేదు. అయినా బిందెలు వస్తూనే ఉన్నాయి.