హంగేరీ సారు

మాకు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పిన సారు రిటైరయ్యాక మహబూబాబాద్‌లో ఒక పార్టీ పెట్టాడు. మనిషి స్వేచ్ఛే దాని సిద్ధాంతం. ఆయన అధ్యక్షుడు, భార్య కార్యదర్శి, పాత విద్యార్థులం ముగ్గురం సభ్యులం. ఎవరేం అడిగినా సారు కళ్లద్దాలు తీసి తుడుస్తూ, "హంగేరీల సుత మనసొంటి చిన్న ఉదారవాద పార్టీ ఒకటి చోటు కోసం కొట్లాడుతున్నది" అనేవాడు.

ఒకసారి గూడూరు దగ్గరి ఊరికి ప్రచారానికి వెళ్లాం. ఒక అవ్వ లేచి, "సారూ, నా పింఛను ఆగిపోయింది, జర సూడుండ్రి" అంది. సారు కళ్లద్దాలు తీశాడు. హంగేరీ సంగతంతా ఓపికగా విన్న అవ్వ, "గాడ పింఛను ఇస్తున్నరా?" అని అడిగింది. సారుకు తెలియదు. ఆయన భార్య మాత్రం మర్నాడే అవ్వను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్లింది.

తర్వాతి సమావేశంలో ఆమె, "ఇగ హంగేరీ ముచ్చట బంద్ పెట్టి పింఛన్ల సంగతి సూద్దాం" అంది. మేం ముగ్గురం చేతులెత్తాం. సారు ముఖం కందగడ్డయింది. "స్వేచ్ఛ అంటే అధ్యక్షుణ్ని ధిక్కరించుడు కాదు" అంటూ అక్కడికక్కడే ఆమెను పార్టీ నుంచి బహిష్కరించాడు.

మనసు కష్టపెట్టుకుందేమోనని మర్నాడు ఇంటికి వెళ్లి పలకరించాం. ఆమె వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. లోపలి నుంచి సారు చాయ్ కోసం కేకేశాడు.

ఆమె చాట పక్కన పెట్టి లేస్తూ నవ్వింది. "పార్టీలకెళ్లి తీసేసిండు గని, వంటింట్లకెళ్లి తీసెయ్యలే బిడ్డా."